పాతంగడి రాయికి ముగ్గురు తాతలు

నేను సోషల్ టీచర్ని. ఈ మాట ముందే చెప్పేస్తే, పోతయ్యను చూస్తే నాకు ఒళ్లు ఎందుకు మండేదో మీకు తేలిగ్గా అర్థమవుతుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గొంతు చించుకుని పిల్లలకు చరిత్ర చెప్పి ఇంటికి వస్తే, వీధి మధ్యలో ఈ మనిషి చేతులు తిప్పుతూ కనిపించేవాడు. కాకతీయులను నైజాం కాలంలోకి, నైజామును రామాయణంలోకి తోసేసి, చుట్టూ జనం నోళ్లు తెరిపించేవాడు. నా క్లాసులో పిల్లలు నోరు తెరిచేది ఆవలించడానికే.

తల్లాడ దాటి భద్రాచలం వైపు పోతుంటే, అడవి ఇంకా మొదలు కాకముందే, మెయిన్ రోడ్డుకు కాస్త లోపలగా ఉంటుంది పాతంగడి. ఒకప్పుడు పెద్ద సంతట. అడవి సరుకు అక్కడికి దిగేది, ఉప్పూ నూలూ అక్కడినుంచి అడవిలోకి ఎక్కేవి. నేను వెళ్లేనాటికి మిగిలింది సగం కూలిన మట్టి బురుజు, బాటసారులు దిగడానికి ఒకప్పుడు కట్టిన, కప్పు లేని సరాయి, అంగడి వీధికి అటూ ఇటూ నేతవాళ్ల ఇళ్లు. అయినా జనం వచ్చేవారు. పెళ్లి బట్టలకని కొందరు, భద్రాచలం వెళ్లొస్తూ చీర చూద్దామని కొందరు. 1979లో నన్ను వైరా నుంచి అక్కడి హైస్కూలుకు బదిలీ చేశారు. పోతయ్య ఇంట్లోనే ఒక గది కిరాయికి దొరికింది. వాళ్లకూ నాకూ మధ్య ఒక్క తడిక. ఈ కథలో నేను కళ్లతో చూడనిదంతా ఆ తడిక పుణ్యాన విన్నదే.

పోతయ్య నేతవాళ్ల ఇంట పుట్టి నేత రానివాడు. రాదంటే చేతకాక కాదు, మగ్గం గుంటలోకి కాళ్లు దించితే చాలు, అతనికి నిద్ర వచ్చేది. తండ్రి తిట్టాడు, కొట్టాడు, నెత్తిన నీళ్లు పోశాడు. తడిసిన బట్టలతోనే నిద్రపోయేవాడట.

"గుంటల కూసుంటే నన్ను బొంద పెట్టినట్టే అయితది టీచరమ్మా. ఊపిరాడదు. ఇగ నిద్రపోక ఏం జేయాలె?" అనేవాడు నాతో.

ఇంట్లో మగ్గం నేసేది భార్య రాఘవమ్మ. ఆమె చేతికి వేగం, నోటికి అంతకన్నా వేగం. వీధిలో వాళ్లు పోతయ్యకు 'దారం లేని నాడె' అని పేరు పెట్టారు. నాడె అటూ ఇటూ ఉరికితేనే బట్ట తయారవుతుంది. అందులో దారం లేకపోతే ఎంత ఉరికినా ఏముంది? నలభై ఏళ్లు వచ్చేదాకా పోతయ్య ఆ పేరు మోస్తూ తిరిగాడు. పెద్దలు కూర్చున్న అరుగు మీద అతనికి చోటు ఇచ్చేవారు కాదు.

అలాంటివాడికి ఒకరోజు రోడ్డు మీద దారి తప్పిన పెళ్లివారు కనిపించారు. వీధికి తీసుకొచ్చాడు. నడుస్తూ ఊరుకోలేక బురుజు గురించి ఏదో చెప్పాడు. వాళ్లు నవ్వారు, ఆగారు, ఇంకా చెప్పమన్నారు. చెప్పినకొద్దీ వీధిలో ఆగారు. ఆగినకొద్దీ చీరలు కొన్నారు. మర్నాటినుంచి పోతయ్య తెల్ల ధోవతి కట్టుకుని బస్సు ఆగే చోట తయారు. అరుగు మీద పెద్దలే జరిగి చోటిచ్చి, "పోతయ్యా, ఇయ్యాల ఎవరన్నా వస్తున్నరా?" అని అడగడం మొదలుపెట్టారు. ఈ ఒక్క ప్రశ్న కోసమే ఆయన బతుకుతున్నాడని నాకు కొద్ది రోజుల్లోనే తెలిసింది. అది పోతే మళ్లీ దారం లేని నాడె అవుతాడు.

అసలు తంటా అంతా రాయితో వచ్చింది.

వీధి నడుమ నల్లరాయి ఒకటి నిలబెట్టి ఉండేది. నడుమెత్తున ఉంటుంది. పైభాగాన చుట్టూ గాడి పడి, మెడలా కనిపిస్తుంది. దాన్ని పాతింది పోతయ్య తాతే. పడుగు దారాలను వీధి పొడవునా సాగదీసి గంజి పట్టించేటప్పుడు ఒక కొస కట్టడానికి పాతాడు. ఏళ్ల తరబడి తాడు ఒరిసి ఒరిసి ఆ గాడి పడింది. వీధికి కరెంటు స్తంభం వచ్చాక అందరూ పడుగు దానికే కట్టడం మొదలుపెట్టారు. రాయి ఖాళీగా నిలబడింది. పోతయ్య చేతిలో పడింది.

భద్రాచలం నుంచి వచ్చే భక్తులకైతే, అది సీతమ్మ చీర ఆరేసుకున్న రాయి. ఆ గాడి దండెం తాడుది. నేను తట్టుకోలేక ఒకసారి పట్టుకున్నాను.

"ఏం పోతయ్యన్నా, సీతమ్మ చీరలు ఆరేసింది పర్ణశాల దగ్గర అంటారు కదా, ఇక్కడెట్లా ఆరేసింది?"

"వానకాలంల ఒక్క తాన ఆరతయా టీచరమ్మా?"

దీనికి ఏ టెక్స్ట్ బుక్కులోనూ జవాబు లేదు. లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాను.

అడవి అంచున తండా నుంచి రెడ్యా అనే లంబాడీ ఆయన, తన భార్య హేమ్లితో బట్టలకు వచ్చాడు. ఆయనకు పోతయ్య ఇంకో సంగతి చెప్పాడు. "మీ తాతలు ఉప్పు బస్తాలు ఎడ్ల మీదేసుకొని సముద్రం కాడికెల్లి వచ్చేటోళ్లు. గీ అంగడి పుట్టిందే మీ తాతలతోటి. నాయకుని ఎద్దును కట్టేసింది గీ రాయికే. తాడు గీత సూడు!" రెడ్యా వంగి గాడి మీద చాలాసేపు వేలు పెట్టి చూశాడు. హేమ్లి తన అద్దాల పైట సర్దుకుని రాయికి దండం పెట్టింది.

మధిర నుంచి వెంకటరామారావు వచ్చాడు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతు కుటుంబం. పత్తి, వరి, వ్యాపారం, అన్నీ ఉన్నాయి. లేనిది పాత పరపతి ఒక్కటే. పోతయ్య ఆయన మొహం చూసి అది కనిపెట్టాడు. "మీ ముత్తాత బెజవాడ కాడికెల్లి గుర్రం మీద వచ్చి, ఇక్కడ సంత పెట్టించి, హద్దుగ పాతిచ్చిన రాయి ఇది" అన్నాడు. ఆ గాడి గుర్రం తాడుది అయింది.

"ఒక్క రాయికి ఇద్దరు తాతలను దెచ్చినవ్. నీ సొంత తాతనే మరిసినవ్" అంది రాఘవమ్మ ఆ రాత్రి అన్నం పెడుతూ.

"గంజి పెట్టిన రాయి అంటే ఎవడు నిలబడతడే?"

"నిలబడకపోతే పాయె. ఆయన మనుమడు నేత నేర్వలేదని ఎవరన్న అడుగుతరని నీ బయం."

తడిక ఇవతల నాకే ఆ మాట గుచ్చుకుంది. అవతల పోతయ్య చెయ్యి కడుక్కుని లేచిన చప్పుడు వినిపించింది.

ఇదంతా మాటలతో పోయేదే. కానీ వెంకటరామారావు ఆ రాయి మీద ముత్తాత పేరు చెక్కిన పాలరాతి పలక బిగిస్తానన్నాడు. రెడ్యా తండావాళ్లందరినీ తెచ్చి రాయికి మొక్కు చెల్లిస్తానన్నాడు. ఏ రోజు రావాలని ఇద్దరూ వేర్వేరుగా అడిగారు. పోతయ్య ఇద్దరికీ ఒకే జవాబు చెప్పాడు, "అమాస నాడు రాండ్రి."

ఇందులో మోసమేమీ లేదు. మిగతా రోజుల్లో వీధి నిండా పడుగులు సాగదీసి ఉంటాయి, మనిషి నడవడానికే సందు ఉండదు. అమావాస్య నాడు నేతవాళ్లు మగ్గం ముట్టరు, దారం ముట్టరు. వీధి ఖాళీగా ఉండేది ఆ ఒక్కరోజే. అయితే అమావాస్యలు నెలకొకటి వస్తాయి కదా, తలా ఒక నెల చెబితే పోయేది. అతనికి అది తోచలేదు. పైగా కోస్తావాళ్లు అమావాస్య నాడు ఇల్లు కదలరని, వెంకటరామారావు ఎలాగూ రాడని ధీమా.

వచ్చాడు. "ఇదేమన్నా పెళ్లా, రాయే కదా" అనుకున్నాడట. జీపు దిగాడు. వెనక సీటులో మేనత్త సుశీలమ్మ. పలకకు పూలదండ. అప్పటికే తండావాళ్లు డప్పులతో వచ్చి రాయికి కుంకుమ పెట్టారు. పక్కన మేకపోతు. హేమ్లీ, ఆమెతో వచ్చిన ఆడవాళ్లూ చుట్టూ తిరుగుతూ పాట అందుకున్నారు. సెలవు రోజు కావడంతో వీధి వీధంతా అరుగుల మీద కూర్చుని చూస్తోంది. ఆదివారం కావడంతో నేనూ చూస్తున్నాను. నిజం చెప్పొద్దూ, నాకు లోపల సంబరంగా ఉంది.

"ఏమిటిది? మా ముత్తాత రాయికి ఈ కుంకుమలేమిటి?" అన్నాడు వెంకటరామారావు.

"మీ ముత్తాత ఏంది సారూ? మా నాయకుని ఎద్దు కట్టేసిన రాయి ఇది" అన్నాడు రెడ్యా.

"ఎవరు చెప్పారు?"

"పోతయ్యన్న చెప్పిండు."

"నాకూ ఆయనే చెప్పాడు!"

వెనక సీటులోంచి సుశీలమ్మ, "ఒరే రాముడూ, మన వాళ్లు ఇటువైపే రాలేదురా. మధిరకు రైల్లో వచ్చి దిగాం. నేనూ ఉన్నా ఆ రైల్లో" అంది. పొద్దున బయల్దేరినప్పటినుంచి ఆవిడ ఆ మాటే చెబుతోందట. ఎవరూ వినలేదు. ఇప్పుడూ వినలేదు. ఎందుకంటే ఈ గొడవ సందులో మేకపోతు తాడు విదిలించుకుని, పలకకు వేసిన బంతిపూల దండను సగం దాకా తినేసింది. దాంతో మాటలు కేకలయ్యాయి. చేతులు లేచాయి. "పోతయ్య ఏడీ?" అని రెండు వైపులా ఒకే మాట వచ్చింది. ఆ రోజు వాళ్లకు కుదిరిన మాట అదొక్కటే.

పోతయ్య ఎక్కడా లేడు. బస్సు దగ్గర లేడు, సరాయిలో లేడు, టీ కొట్టులో లేడు. రాఘవమ్మ ఇంట్లోకి వెళ్లింది. వెనకే నేనూ వెళ్లాను. సెలవు కదాని మగ్గం మీద పాత దుప్పటి కప్పి ఉంది. దుప్పటి కింద గుంటలోంచి సన్నగా గురక.

అవును, గురకే. ప్రాణం మీదికి వచ్చి దాక్కున్నా సరే, గుంటలో దిగితే నిద్ర పట్టేసింది ఆ మనిషికి.

రాఘవమ్మ దుప్పటి లాగింది. "ఇన్నేండ్లకు గుంటల దిగినవ్ కద మొగడా! అదీ అమాస నాడు!"

నేను నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకున్నాను. కానీ పోతయ్య కళ్లు తెరిచి చూసిన చూపుకు నవ్వు ఆగింది. చిన్నపిల్లవాడు దెబ్బ పడబోతుందని చూసే చూపు అది.

"నేను పోను. ఒకరిదంటే ఇంకొకరు కొడతరు. ఇద్దరిదీ కాదంటే ఇగ జన్మల నా మాట ఎవరింటరే? అరుగు మీదికెల్లి లేపేస్తరు."

"లేపితే లేపనీ. తల పగలగొట్టుకునేటట్టున్నరు ఆడ. నీ మాటకే కద వచ్చిండ్రు వాళ్లు? నువ్వే పోయి పంపియ్యాలె."

ఆమె గొంతులో ఎగతాళి లేదు. పోతయ్య గుంటలోంచి మెల్లగా లేచాడు. ధోవతికి దుమ్ము. దులుపుకోలేదు. వీధిలోకి వెళ్లి రాయి పక్కన నిలబడ్డాడు.

నేను అతని కథలు ఎన్ని విన్నానో లెక్క లేదు. చేతులు ఊపకుండా చెప్పింది అదొక్కటే.

"ఇది మా తాత రాయి. పడుగు కట్టి గంజి పెట్టెతందుకు పాతిండు. గీత పడుగు తాడుది. మా నాయిన గూడ కట్టిండు. నాకు నేత రాలే, నేను కట్టలే. మీకు జెప్పినయన్నీ నేను పుట్టిచ్చినయి."

అంతే. ఎంత చప్పగా చెప్పాడంటే, అందరూ వెంటనే నమ్మేశారు.

"గంజి రాయా?" అన్నాడు వెంకటరామారావు. మధిరలో ఎంతమందికి చెప్పుకుని వచ్చాడో, మొహం చూస్తే తెలిసిపోతోంది. కొట్టడానికి లేచిన చెయ్యిని ఏం చేయాలో తెలియక దాంతోనే తల గోక్కున్నాడు. పలకను మళ్లీ జీపులోకి ఎక్కించడానికి మనుషులు చాలక, తండా కుర్రవాళ్లు కూడా చెయ్యి వేశారు. "రైల్లో వచ్చామురా" అంటూనే ఉంది సుశీలమ్మ, జీపు మలుపు తిరిగేదాకా.

రెడ్యా తిట్టి ఉంటే బాగుండేది. మేకపోతును పట్టుకుని, డప్పులు సంచుల్లో పెట్టించి, పోతయ్య వైపు చూడకుండా వెళ్లిపోయాడు. హేమ్లి మటుకు రాయి మీది కుంకుమ చెరిపేద్దామా వద్దా అన్నట్టు ఒక్క క్షణం ఆగి, చెరపకుండానే నడిచింది.

ఆ తర్వాత పోతయ్య బస్సు దగ్గరకు పోవడం మానేశాడు. అరుగు ఎవరూ ఖాళీ చేయమనలేదు, తనే దిగిపోయాడు. కూర్చోబెట్టి మగ్గం నేర్పమని రాఘవమ్మను బతిమాలాడు. పాపం, ఆమె నేర్పింది. ఒక పక్క నేయడం, ఒక పక్క నిద్రపోవడం, మధ్యలో పోగులు తెంపడం. అతను తెంపిన పోగులు అతికించుకోవడానికి ఆమెకు సగం రోజు పట్టేది. "నిన్ను కథలు జెప్పొద్దన్నది ఎవరయ్యా? పో, బస్సు కాడికి పో" అని ఆమే బతిమాలే స్థితికి వచ్చింది. పోతయ్య కదల్లేదు.

బస్సు దిగినవాళ్లు అటూ ఇటూ చూసి మళ్లీ ఎక్కేవారు. వీధి బోసిపోయింది. ఒక ఆదివారం నేనే పూనుకున్నాను. చరిత్ర అంటే ఏమిటో చూపిద్దామని, మణుగూరు వైపు పెళ్లివారిని బురుజు దగ్గరకు తీసుకెళ్లి, శాసనాలు, సుంకాలు, పరగణాలు, అన్నీ సవ్యంగా, తారీఖులతో చెప్పడం మొదలుపెట్టాను. కాసేపటికి వెనక్కి తిరిగి చూస్తే పెళ్లివారిలో ఒక ముసలాయన తప్ప ఎవరూ లేరు. ఆయనకు చెవుడట. ఇంటికి వచ్చి చాలాసేపు ఉడికిపోయాను. ఎవరి మీదో నాకే తెలియలేదు.

పంటలు ఇంటికి వచ్చాక ఒక పూట రెడ్యా, హేమ్లీ వచ్చారు. బట్టలు చూడలేదు. నేరుగా పోతయ్య గుమ్మంలో నిలబడ్డారు. వెనక ఇద్దరు ముగ్గురు కొత్తవాళ్లు, బంధువులట. పోతయ్య గుంటలోంచి తల ఎత్తి, తిట్టించుకోవడానికి సిద్ధపడినట్టు కూర్చున్నాడు.

"పోతయ్యన్నా, మా వియ్యపోళ్లు వచ్చిండ్రు. ఆ రాయి ముచ్చట చెప్పు" అన్నాడు రెడ్యా.

"చెప్పిన కద రెడ్యా. అది మా తాత పడుగు..."

"అది కాదు. మా ఎడ్లది."

"అది అబద్దం. అందరి ముంగట చెప్పిన."

"ఎరుకే." రెడ్యా గుమ్మంలోనే గొంతుక్కూర్చున్నాడు. "అన్నా, మేము యాడికి పోయినా ఒక్కటే అడుగుతరు. యాడికెల్లి వచ్చిండ్రు, ఎప్పుడు పోతరు? ఈ ఊరు మీ తాతలతోటి పుట్టిందని నువ్వొక్కనివే అన్నవ్. ఆ దినం నాకు కోపం అబద్దం చెప్పినవని కాదు. ఇచ్చి మల్ల గుంజుకున్నవని."

తడిక సందులోంచి చూస్తూ, దిద్దుతున్న పేపర్లు పక్కన పెట్టాను. అబద్ధాలు దిద్దడమే నా ఉద్యోగం అనుకున్నదాన్ని. ఈయన అడిగినదానికి ఎక్కడ ఎర్రగీత పెట్టాలో నాకు తెలియలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి వచ్చాను.

పోతయ్య గుంటలోంచి లేచాడు. రాఘవమ్మ ఏమీ అనకుండా ఉతికిన ధోవతి తెచ్చి ఇచ్చింది. అందరం రాయి దగ్గరకు నడిచాం. వియ్యపువాళ్లు చుట్టూ నిలబడ్డారు. "మీ తాతలు... సముద్రం కాడికెల్లి... ఉప్పు..." అన్నాడు. ఆగాడు. మళ్లీ అన్నాడు. ఈసారి కుడి చెయ్యి తనంతట తనే లేచింది. ఆ తర్వాత ఎడమది. వియ్యపురాలు నోరు తెరిచింది.

"ఎన్ని ఎడ్లు వచ్చేటివి?" అని అడిగింది హేమ్లి.

ఇంతకుముందైతే పోతయ్య ఆలోచించకుండా ఏదో అంకె చెప్పేవాడు. ఇప్పుడు భయపడ్డాడు. చెయ్యి గాలిలోనే ఆపి నా వైపు తిరిగాడు.

"టీచరమ్మా, ఎన్ని ఉంటయ్?"

వీధి వీధంతా నా వైపే చూస్తోంది. నేను గొంతు సవరించుకున్నాను.

"వెయ్యికి తక్కువ ఉండవు" అన్నాను.